స్పోర్ట్స్ కారులో అల్యూమినియం బాడీ

పరుగు కోసం కట్టిన కారుకు బరువు మూడు చోట్ల అడ్డం పడుతుంది: వేగం అందుకునేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు. ఇంజిన్ శక్తి పెంచితే మొదటి ఇబ్బంది ఒక్కటే తీరుతుంది. బరువు తగ్గిస్తే మూడూ ఒకేసారి తీరతాయి, పైగా టైర్లూ బ్రేకులూ ఎక్కువ కాలం మన్నుతాయి. కారులో విడిగా తూచదగ్గ భాగాల్లో చాలా బరువైనది ఖాళీ బాడీ, అంటే ఇంజిన్, సీట్లు, అద్దాలు, చక్రాలు ఏవీ బిగించకముందు ఉండే డొల్ల. అందుకని స్పోర్ట్స్ కార్ల తయారీదారులు 1930ల నుంచీ ఆ డొల్లనుంచి ఉక్కును తప్పించే దారులు వెతుకుతూ వచ్చారు. వారికి ముందుగా దొరికిందీ, ఇప్పటికీ వదలనిదీ అల్యూమినియం.

అల్యూమినియం బాడీ అనే మాట కింద రెండు వేరువేరు నిర్మాణాలు చెలామణీ అవుతున్నాయి. ఒకదానిలో బరువు మోసే ఎముకలు ఉక్కువి, పైన కప్పిన రేకు మాత్రమే అల్యూమినియం. రెండో దానిలో ఎముకలే అల్యూమినియం. పైరేకు అల్యూమినియం కావచ్చు, ఫైబర్‌గ్లాస్ కావచ్చు. షోరూములో చూసే వాడికి తేడా కనపడదు కానీ, ఈ లోహం స్పోర్ట్స్ కారు రూపాన్ని మార్చేసింది రెండో రకం వచ్చాకే.

తేలిక ఎక్కడి నుంచి వస్తుంది

ఉక్కు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియానిది 2.7. మూడో వంతు బరువే కాబట్టి కారు బాడీ కూడా మూడో వంతు అవుతుందనుకుంటారు చాలామంది. అలా కాదు. వంగకుండా నిలిచే గుణం కూడా అల్యూమినియానికి మూడో వంతే. ఇంజినీర్ల లెక్కలో ఉక్కు స్థితిస్థాపక గుణకం సుమారు 210 గిగాపాస్కల్స్ ఉంటే, అల్యూమినియానిది 70. ఒక ఉక్కు కడ్డీని ఎంత లాగితే ఎంత సాగుతుందో అంతే సాగే అల్యూమినియం కడ్డీ కావాలంటే అడ్డుకోత వైశాల్యం మూడు రెట్లు ఉండేలా తీసుకోవాలి. అప్పుడు బరువు మళ్లీ ఉక్కుతో సమానమై కూర్చుంటుంది. నేరుగా లాగే పనిలో అల్యూమినియంతో మిగిలేది సున్నా.

మరి లాభం ఎక్కడ? వంపులో. రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే నిలకడ ఎనిమిది రెట్లు. ఈ లెక్కన ఉక్కు రేకుతో సమానంగా నిలిచేందుకు అల్యూమినియం రేకు మూడు రెట్లు మందం ఉండనక్కర్లేదు, 1.44 రెట్లు ఉంటే చాలు. అంత మందంలో దాని బరువు ఉక్కు రేకు బరువులో సగం. గొట్టాలకూ ఇదే వర్తిస్తుంది: గోడ మందం అలాగే ఉంచి వ్యాసం పెంచితే చాలు, బరువు సగానికి దిగుతుంది. కాబట్టి ఈ తేలికను ఇచ్చేది లోహం ఒక్కటే కాదు, ఆ లోహానికి ఇచ్చే రూపం. ఉక్కు కారు డ్రాయింగులో ఉక్కు అని ఉన్న చోటల్లా అల్యూమినియం అని మార్చి రాసేస్తే వచ్చేది తేలికైన కారు కాదు, మెత్తటి కారు. సెక్షన్లు లావెక్కాలి, మూలలు మారాలి, అతుకులు మారాలి. ఈ రంగం చరిత్ర మొత్తం ఆ రూపం కోసం సాగిన వెతుకులాటే.

ఈ లెక్కను చేత్తో పట్టుకుని చూడాలంటే హైదరాబాదులో ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం, మల్లాపూర్ వైపు పోయే దారుల్లో తలుపులూ కిటికీలూ పార్టిషన్లూ చేసే అల్యూమినియం దుకాణాల ముందు నిలబడితే సరిపోతుంది. గోడకు ఆనించి పెట్టిన ఆ పొడవాటి సెక్షన్లలో ఒక్కటీ గట్టి కడ్డీ కాదు. లోపల గదులు, పక్కటెముకలు, అద్దం కూర్చునే గాడి, స్క్రూ ఎక్కే బొర్ర, అన్నీ ఒకే ముక్కలో వచ్చేస్తాయి. వేడి చేసిన అల్యూమినియం దిమ్మెను అచ్చు రంధ్రం గుండా జంతికల పిండిలా నొక్కి తీసే ఎక్స్‌ట్రూజన్ పద్ధతిలో వచ్చే ఆకారమది. ఆ దుకాణాల్లో వాడే సెక్షన్లు ఎక్కువగా 6063 రకం, అంటే మెగ్నీషియం, సిలికాన్ కలిపిన 6000 శ్రేణి మిశ్రలోహం. లోటస్ ఎలీజ్ అనే స్పోర్ట్స్ కారు ఛాసిస్ కూడా ఈ 6000 శ్రేణి సెక్షన్ల నుంచే పుట్టింది. కిటికీ చట్రానికీ కారు చట్రానికీ చుట్టరికం అంత దగ్గర.

రేకు నుంచి ఎముకకు

మిలాన్‌లోని కారొజేరియా టూరింగ్ సంస్థ 1936లో సూపర్‌లెజేరా అనే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఇటాలియన్‌లో అతి తేలిక అని దాని అర్థం. సన్నటి ఉక్కు గొట్టాలను వంచి కారు ఆకారంలో పంజరం అల్లి, దానిపై చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకులు తొడిగేవారు. ఉక్కు, అల్యూమినియం నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ లాంటి పొర పెట్టేవారు. తగిలితే తేమలో అల్యూమినియం క్షయించిపోతుంది. ఆల్ఫా రోమియో 8సి 2900బి, ఫెరారీ 166 ఎంఎం, ఆస్టన్ మార్టిన్ డీబీ4, డీబీ5 ఈ పద్ధతిలో వచ్చినవే. ఇంగ్లండులో ఏసీ ఏస్, దానినుంచి 1962లో పుట్టిన కోబ్రా బాడీలు కూడా గొట్టాల ఛాసిస్ మీద చేత్తో తీర్చిన అల్యూమినియం రేకులే. రేకును రెండు ఉక్కు చక్రాల మధ్య ముందుకీ వెనక్కీ నడిపి వంపు తెచ్చే యంత్రం ఒకటి, కొయ్య సుత్తి, ఇసుక సంచి: ఆ పనివాళ్ల సామగ్రి అంతే.

ఈ అమరిక మనకు కొత్తదేం కాదు. ఎముక ఉక్కుది, చర్మం అల్యూమినియానిది, మధ్యలో వరసగా రివిట్లు: మన ఆర్టీసీ బస్సుల బాడీలు దశాబ్దాలపాటు ఇలాగే కట్టారు. సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్ బస్ బాడీలకు పేరు పడ్డ సంస్థ. తర్వాత మియాపూర్‌లోని ఆర్టీసీ యూనిట్ ఆ పని చేసింది. బస్సు వాళ్లకు అల్యూమినియం రేకు నచ్చింది తుప్పు పట్టనందుకూ, చిరిగిన చోట రివిట్లు తీసి ముక్క మార్చుకోగలిగినందుకూ. మిలాన్ వాళ్లకు నచ్చింది తేలిక. రెండు చోట్లా ఆ రేకు బరువు మోసే పనిలో పాలు పంచుకోలేదు. అసలు 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌కు అల్యూమినియం రేకు తొడిగింది తేలిక కోసం కూడా కాదు, యుద్ధానంతరం బ్రిటన్‌లో ఉక్కు రేషన్ మీద దొరుకుతుంటే అల్యూమినియం సులువుగా దొరికినందుకు.

చర్మానికే పని అప్పజెప్పింది విమానాల వాళ్లు. 1906లో జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఒక అల్యూమినియం మిశ్రలోహాన్ని వేడిచేసి, చల్లార్చి, కొన్ని రోజులు ఊరికే పెట్టి ఉంచితే తనంతట తానే గట్టిపడడం గమనించాడు. డ్యూరాల్యుమిన్ అలా వచ్చింది, దానితో లోహ విమానాలు వచ్చాయి. బ్రిస్టల్ విమాన సంస్థలో పనిచేసి వచ్చిన మాల్కమ్ సేయర్ రూపమిచ్చిన జాగ్వార్ డి-టైప్ 1954లో రంగంలోకి దిగింది. డ్రైవరు కూర్చునే నడిమి భాగం విమాన దేహంలా రేకులతోనే నిలబడే డొల్ల, అంటే మోనోకాక్. 1955, 1956, 1957 మూడేళ్లూ ల మాన్ 24 గంటల పందెం ఆ కారుదే. 1962లో లోటస్ అధినేత కోలిన్ చాప్‌మన్ లోటస్ 25తో ఇదే ఆలోచనను ఫార్ములా వన్‌కు తెచ్చాడు. పోర్షే మాత్రం గొట్టాల దారినే పోయి, 1969లో 917 కారుకు అల్యూమినియం గొట్టాల పంజరం కట్టింది. ఆ గొట్టాల్లో గ్యాస్ నింపి ఒత్తిడి మీటరు పెట్టారు. ఎక్కడైనా పగులు వస్తే మీటరు ముల్లు పడిపోతుంది. అల్యూమినియానికున్న ఒక చెడ్డ గుణం ఆ మీటరు వెనక దాగుంది: ఉక్కుకు ఒక హద్దు లోపల ఎన్ని లక్షల కుదుపులు తగిలినా అలసట రాదు, అల్యూమినియానికి అలాంటి హద్దు స్పష్టంగా లేదు. చిన్న కుదుపులు కూడా కూడుకుంటూ పోతాయి. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించదు. డిజైనర్లు ఈ కారణంగానే అతుకుల దగ్గర అవసరానికి మించి లోహం వదులుతారు.

పందెపు కార్లు ఈలోగా ఇంకో పదార్థానికి మారిపోయాయి. 1981లో మెక్‌లారెన్ ఎంపీ4/1 కార్బన్ ఫైబర్ డొల్లతో వచ్చాక ఫార్ములా వన్‌లో అల్యూమినియానికి రోజులు దగ్గరపడ్డాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన కారూ కార్బన్ డొల్లదే. హైదరాబాదు వీధుల్లో ఆ రోజు జనం చూసింది అల్యూమినియం తర్వాతి తరం. కానీ రోజుకు పదుల సంఖ్యలో కట్టి, నంబరు ప్లేటు తగిలించి, గుంతల రోడ్డు మీద పదేళ్లు తిప్పాల్సిన కారుకు లెక్క వేరు.

ఆ లెక్కను మొదట తేల్చింది హోండా. 1990లో వచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్ వరస ఉత్పత్తిలో పూర్తిగా అల్యూమినియంతో కట్టిన మొదటి మోనోకాక్ కారు. దాని ఖాళీ బాడీ 210 కిలోలు. ఉక్కుతో చేసి ఉంటే మరో 140 కిలోలు పెరిగేదని హోండా లెక్క. దీన్ని కట్టేందుకు తోచిగిలో ప్రత్యేక కర్మాగారమే పెట్టారు. 1989లో సుజుకాలో నమూనా కారు నడిపిన ఫార్ములా వన్ డ్రైవరు అయర్టన్ సెన్నాకు బాడీ కాస్త నాజూకుగా తోచిందట. తర్వాత ఇంజినీర్లు జర్మనీలోని నూర్‌బుర్‌గ్రింగ్‌లో నెలల తరబడి తిప్పుతూ, బాడీ దృఢత్వాన్ని దాదాపు 50 శాతం పెంచారు. తేలిక సాధించడం కన్నా, సాధించిన తేలిక మెత్తబడకుండా ఆపడమే కష్టమని తెలిపే ఉదంతమిది. ఎన్‌ఎస్‌ఎక్స్ రూపం మాత్రం ఇంకా ఉక్కు కారుదే: రేకులను అచ్చుకొట్టి, అంచులు కలిపి, స్పాట్ వెల్డింగ్ చేయడం.

ఆడీ, అమెరికన్ లోహ సంస్థ అల్కోవా కలిసి ఉక్కు కారు పోలికను వదిలేశాయి. 1994 నాటి ఏ8లో వాడిన వాళ్ల పద్ధతిలో ఎముకలు ఎక్స్‌ట్రూజన్ సెక్షన్లు, కీళ్లు పోత పోసిన ముక్కలు, మధ్య ఖాళీల్లో రేకులు. ఒక్కో పనికి అల్యూమినియం ఏ రూపంలో బాగా ఒదుగుతుందో ఆ రూపం. 2006లో ఆడీ స్పోర్ట్స్ కారు ఆర్8 ఈ దారిలోనే వచ్చింది, బాడీ బరువు సుమారు 210 కిలోలు. 1999లో ఫెరారీ 360 మోడెనాకు అల్కోవా సాయంతోనే ఇలాంటి ఎముకల పంజరం, అంటే స్పేస్‌ఫ్రేమ్, కట్టారు. అంతకుముందున్న ఎఫ్355 కన్నా కారు పెద్దదైనా, నిర్మాణం 28 శాతం తేలికై, 40 శాతం దృఢమైందని ఫెరారీ ప్రకటించింది. ఆ తర్వాత ఫెరారీ మామూలు శ్రేణి కార్లకు అల్యూమినియాన్ని వదల్లేదు. కార్బన్ డొల్లను లాఫెరారీ లాంటి పరిమిత సంఖ్య కార్లకే ఉంచింది. అమెరికాలో 2006 కార్వెట్ జీ06 ఉక్కు ఫ్రేము స్థానంలో అల్యూమినియం ఫ్రేము వేసుకుని 60 కిలోలకు పైగా దింపింది. 2014 నుంచి కార్వెట్లన్నిటికీ అదే. 2010లో వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌ఎస్ ఏఎంజీ బాడీ 241 కిలోలు. అందులోనూ ముందు అద్దం పక్క స్తంభాల్లో ఉక్కు ఉంచారు: కారు తిరగబడ్డప్పుడు సన్నగా ఉంటూనే నలగకుండా ఉండాల్సిన చోటది, లావెక్కే వీలు లేని చోటు. రూపం పెంచుకోలేని చోట అల్యూమినియం ఓడుతుందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

వీటన్నిటిలో నాకు అందంగా కనిపించేది మాత్రం 1996 లోటస్ ఎలీజ్. చీఫ్ ఇంజినీరు రిచర్డ్ ర్యాకమ్ బృందం సెక్షన్లను వెల్డింగ్ చేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించింది. వెల్డింగ్ వేడికి మెత్తబడే భయం లేదు గనక గోడలు పలచగా పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే. ఛాసిస్ 68 కిలోలు, మొదటి కారు మొత్తం 725 కిలోలకు దగ్గర. ఛాసిస్ డెన్మార్క్‌లోని హైడ్రో సంస్థ కర్మాగారం నుంచి వచ్చేది. పైబాడీ ఫైబర్‌గ్లాస్. 1936 నాటి సూపర్‌లెజేరాను తిరగేసినట్టుగా, ఇక్కడ ఎముక అల్యూమినియం, చర్మం వేరొకటి. 2008లో టెస్లా తన మొదటి కారు రోడ్‌స్టర్‌ను ఈ ఛాసిస్ ఆధారంగానే కట్టుకుంది.

ఏ మిశ్రలోహం, ఎక్కడ

శుద్ధ అల్యూమినియం కారుకు పనికిరాదు, మరీ మెత్తన. 5000 శ్రేణిలో మెగ్నీషియం కలుస్తుంది. బాగా సాగుతుంది, తుప్పుకు తట్టుకుంటుంది, కానీ అచ్చు కొట్టినప్పుడు పైన సన్నటి అలల గీతలు పడతాయి. పెయింటు కింద నుంచి కూడా అవి కనిపిస్తాయి గనక దీన్ని కంటికి కనపడని లోపలి రేకులకు వాడతారు. బయటి రేకులకు 6000 శ్రేణి. దీనిలో ఒక సుగుణం ఉంది: అచ్చు కొట్టేటప్పుడు మెత్తగా ఉండి, పెయింటు ఆరబెట్టే ఓవెన్‌లో 170, 180 డిగ్రీల వేడికి ఇరవై, ముప్పై నిమిషాల్లో గట్టిపడుతుంది. పెయింటుకెలాగూ పెట్టాల్సిన ఖర్చే లోహానికీ పనికొస్తుంది. అయితే ఈ రేకు నెలల తరబడి గోడౌన్‌లో పడి ఉంటే ముందే గట్టిపడిపోయి అచ్చుకు లొంగదు. అచ్చు కొట్టాక వెనక్కి సాగే గుణం కూడా ఉక్కు కన్నా చాలా ఎక్కువ కాబట్టి, ఎంత వెనక్కి వస్తుందో ముందే లెక్కగట్టి అచ్చును అంత అతిగా వంచి చేస్తారు. మరీ లోతైన వంపులు కావాలంటే 5083 రకం రేకును 450 డిగ్రీల పైన వేడి చేసి గాలి ఒత్తిడితో అచ్చులోకి ఊదుతారు. మోర్గన్ ఏరో 8 ముందు మడ్‌గార్డులు, 2005 ఫోర్డ్ జీటీ బయటి రేకులు ఇలా చేసినవే. నిదానమైన పని, వేలల్లో కట్టే కార్లకు కుదరదు.

అతుకుల కథ

నాచారం, మల్లాపూర్ షెడ్లలో ఎవరినడిగినా అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ కావాలంటారు. మామూలు రాడ్డుతో ఉక్కును అతికినంత సులువుగా ఇది అతకదు. కారణం పైపొర. గాలి తగిలిన క్షణంలోనే అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. లోపలి లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైపొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. పొర కరిగేలోగా లోపలిది కారిపోయి చిల్లు పడుతుంది. ఏసీ కరెంటు ఆ పొరను చీలుస్తుంటే ఆర్గాన్ వాయువు కొత్త పొర పుట్టకుండా కాపలా కాయడం ఆ వెల్డింగ్ కిటుకు. ఇంకో చిక్కు, ఎర్రబడదు. ఉక్కు వేడెక్కితే రంగు చెబుతుంది. అల్యూమినియం వెండిలా మెరుస్తూనే ఉండి ఒక్కసారిగా జారిపోతుంది. పనివాడికి కన్ను కన్నా చెయ్యి ఆధారం.

కారు కర్మాగారంలో సమస్య మరో రకం. ఉక్కు బాడీని కలిపే స్పాట్ వెల్డింగ్ అల్యూమినియం మీద రెండు మూడు రెట్లు కరెంటు తాగుతుంది, ఎందుకంటే ఇది కరెంటునూ వేడినీ పట్టి ఉంచదు, ప్రవహింపజేస్తుంది. రాగి మొనలు త్వరగా పాడవుతాయి. పైగా వెల్డింగ్ వేడి తగిలిన చుట్టుపక్కల లోహం తన బలాన్ని కొంత కోల్పోతుంది. ఉష్ణ చికిత్సతో సంపాదించిన గట్టితనం అక్కడ కరిగిపోయినట్టే. హోండా 1990లో ఈ కష్టాన్ని భరించింది. జాగ్వార్ 2003 ఎక్స్‌జే నుంచి ఆ గొడవే వద్దనుకుని విమానాల వాళ్లలా రివిట్లకూ జిగురుకూ మారింది. ఈ రివిట్లకు ముందే రంధ్రం తొలవనక్కర్లేదు. గొట్టం ఆకారపు ఉక్కు రివిట్‌ను యంత్రం దిగ్గొడితే అది పై రేకును చీల్చుకుని కింది రేకులోకి దిగి, అక్కడ గొడుగులా విచ్చుకుంటుంది, కింది రేకు మాత్రం చిల్లు పడదు. ఒక్కో కారుకు వేల రివిట్లు. 2006 ఎక్స్‌కే, 2013 ఎఫ్-టైప్ ఇలా కట్టినవే.

జిగురును తక్కువగా అంచనా వేయకూడదు. రివిట్ ఒక చుక్క దగ్గర పట్టుకుంటుంది. జిగురు అంచు పొడవునా పట్టుకుంటుంది, దాంతో బాడీ దృఢత్వం బాగా పెరుగుతుంది. జిగురు బలహీనత ఒక్కటే: ఒక అంచు పట్టుకుని ఒలిస్తే ఊడి వచ్చేస్తుంది. అతుకుల చివర్లలో రివిట్లో స్క్రూలో పెట్టడం ఆ ఒలుపును ఆపేందుకు. ఎలీజ్‌లోనూ ఇదే ఏర్పాటు. 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ పరిశోధనా సంస్థ టీడబ్ల్యూఐలో కనిపెట్టిన రాపిడి వెల్డింగ్ మరో మార్గం: తిరిగే కడ్డీ మొన రెండు అంచుల మధ్య లోహాన్ని కరిగించకుండానే ముద్దలా కలిపేస్తుంది. 2005 ఫోర్డ్ జీటీ నడిమి సొరంగానికి దాన్ని వాడారు.

తూర్పు హైదరాబాదులో

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో స్పోర్ట్స్ కారు ఎవరూ కట్టరు. ఈ వాడల పని చిన్న, మధ్యతరహా యూనిట్లలో: యంత్ర భాగాలు తిప్పే లేత్‌లు, సీఎన్‌సీ మెషీన్లు, షీట్ మెటల్ ఫ్యాబ్రికేషన్, పౌడర్ కోటింగ్. కానీ అల్యూమినియం బాడీకి కావలసిన పనులన్నీ విడివిడిగా ఇక్కడ చేతుల్లో ఉన్నాయి: సెక్షన్ కోయడం, రేకు వంచడం, ఆర్గాన్ వెల్డింగ్, దిమ్మెను చెక్కి భాగం తీయడం. లేనిది వాటన్నిటినీ ఒక కారు లెక్క కింద కలిపే పెట్టుబడి. ఉప్పల్‌లోనే ఉన్న కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల పరీక్షించే విద్యుత్ లైన్ల సంగతి ఇక్కడ ప్రస్తావించదగ్గది. ఎత్తయిన టవర్ల మీది ఆ తీగల్లో ఎక్కువగా మధ్యలో ఉక్కు, చుట్టూ అల్యూమినియం పేనినవే. లాగుడుకు ఉక్కు, కరెంటుకు అల్యూమినియం. లాగే పనిలో అల్యూమినియానికి లాభం లేదన్న పైలెక్కను తీగల వాళ్లు తమ దారిలో ఒప్పుకున్నారన్నమాట.

లోహ పరిశోధన బరువంతా నగరంలో కాస్త దక్షిణాన, కంచన్‌బాగ్ వైపు ఉంది. అక్కడి రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్ అల్యూమినియం-లిథియం మిశ్రలోహాల మీద పనిచేసింది. లిథియం అన్ని లోహాల్లోకీ తేలికైనది. అది కలిస్తే సాంద్రత తగ్గడమే కాక దృఢత్వం కూడా పెరుగుతుంది, అంటే పైన చెప్పిన మూడో వంతు లెక్కనే కొంచెం మన వైపు జరుపుతుంది. తేజస్ యుద్ధవిమాన నిర్మాణంలో కార్బన్ ఫైబర్‌తో పాటు ఈ రకం మిశ్రలోహాలూ ఉన్నాయి. ఖరీదు, తయారీ కష్టం వల్ల కార్ల దాకా అవి రాలేదు. కంచన్‌బాగ్‌లోనే 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్, ఒడిశాకు చెందిన అల్యూమినియం సంస్థ నాల్కో కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే ఉమ్మడి సంస్థను పెట్టాయి. విమాన, రక్షణ, వాహన రంగాలకు కావలసిన మేలురకం అల్యూమినియం రేకులను నెల్లూరు జిల్లాలో తయారు చేయాలన్నది దాని లక్ష్యం.

దెబ్బ తగిలితే

అల్యూమినియం కారు యజమానికి అసలు ఖర్చు మొదటి గుద్దు తర్వాత తెలుస్తుంది. ఉక్కు రేకు సొట్ట పడితే డెంటింగ్ పనివాడు వెనక నుంచి డాలీ అనే ఇనప దిమ్మె ఆనించి సుత్తితో కొట్టి, కాస్త వేడి చూపించి, మిగిలిన లోపం లప్పంతో కప్పేస్తాడు. అల్యూమినియం అంత సులువుగా తన మునుపటి ఆకారానికి రాదు. సొట్ట పడ్డ చోట గట్టిపడి పెళుసవుతుంది, మళ్లీ కొడితే చీలుతుంది. వేడి చేస్తే 6000 శ్రేణి తన గట్టితనం పోగొట్టుకుంటుంది, రంగు మారదు గనక ఎప్పుడు మితిమీరిందో తెలియదు.

అంతకన్నా చిక్కు దుమ్ముతో. ఉక్కును గ్రైండింగ్ చేసినప్పుడు ఎగిరే రజను అల్యూమినియం రేకులో గుచ్చుకుంటే, పెయింటు కింద తేమ చేరి అక్కడ తుప్పు బొబ్బలు లేస్తాయి. అందుకే కంపెనీలు తమ వర్క్‌షాపుల్లో అల్యూమినియం పనికి తెరలతో వేరు చేసిన గది, వేరే సుత్తులు, వేరే గ్రైండింగ్ డిస్కులు ఉండాలని నియమం పెట్టాయి. ఒకే షెడ్డులో అన్ని పనులూ సాగే మామూలు డెంటింగ్ షాపుకు ఇది గిట్టుబాటు కాని ఏర్పాటు. ఛాసిస్ సెక్షన్ వంగితే లాగి సరిచేయడం చాలావరకు నిషిద్ధం; జిగురును వేడితో మెత్తబరచి, రివిట్లు తొలిచి, ఆ సెక్షన్ మొత్తం మార్చాలి. ఎలీజ్ లాంటి కారులో ప్రధాన ఛాసిస్ దెబ్బతింటే బీమా సంస్థ తరచు కారునే పూర్తి నష్టం కింద రాసేస్తుంది. ఇంకోవైపు, గుద్దు జోరును మింగడంలో అల్యూమినియం ఉక్కును మించింది: కిలోకు కిలో లెక్కన చూస్తే, ముందు భాగంలో అకార్డియన్‌లా ముడుచుకునే పెట్టె సెక్షన్లు ఎక్కువ శక్తిని పీల్చుకుంటాయి. లోపలివాళ్లను కాపాడేదీ, కారును తుక్కుకు పంపేదీ ఆ ముడుచుకోవడమే.

తుక్కుకు పోయినా ఈ బాడీకి విలువ ఉంటుంది. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి కరగబెట్టే తొట్టిలోనే 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. పాతదాన్ని కరిగించి వాడుకుంటే మొత్తం శక్తిలో సుమారు 5 శాతం చాలు. చిక్కు కలగలుపులో ఉంది. 5000, 6000 శ్రేణుల రేకులు, సిలికాన్ ఎక్కువున్న పోత ముక్కలు, ఉక్కు రివిట్లు కలిసి కరిగితే పుట్టే లోహం కొత్త రేకుకు పనికిరాక, ఇంజిన్ బ్లాకుల పోతకు దిగిపోతుంది. కరిగిన అల్యూమినియంలో చేరిన ఇనుమును తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. జాగ్వార్ ల్యాండ్ రోవర్, అల్యూమినియం రేకుల సంస్థ నొవెలిస్ కలిసి రూపొందించిన ఆర్‌సీ5754 రకం రేకు ఈ చిక్కుకు జవాబుగా వచ్చింది. తుక్కు నుంచి వచ్చే మలినాలను ఎక్కువ మోతాదులో తట్టుకునేలా దాని కూర్పు మార్చి, 2015లో అమ్మకానికి వచ్చిన జాగ్వార్ ఎక్స్‌ఈలో వాడారు. ఆ కారు కంపెనీని టాటా 2008లో కొన్నది. ఆ రేకు కంపెనీని అంతకు ఏడాది ముందే, 2007లో, హిందాల్కో సుమారు 600 కోట్ల డాలర్లకు కొన్నది.